‘చ్చొ’ అంటే నడవమని

మా కోడలికి అప్పుడు మూడో నెల. సంగతి తెలిసింది ముగ్గురికే: ఆమెకు, నా కొడుకుకు, నాకు. ఆసుపత్రిలో డాక్టరమ్మకు తెలుసనుకోండి, ఆమె మా వీధి మనిషి కాదు గనక ఆమెను కలుపుకోలేదు. అంతకు ముందు రెండుసార్లు నిలవలేదు. మొదటిది రెండో నెలలోనే పోయింది. రెండోసారి నాలుగో నెల పడిందని సంతోషపడి ఇంటింటికీ చక్కెర పంచాం. చక్కెర నోట్లో కరిగేలోపే అదీ పోయింది. చెప్పుకోవడం వల్ల పోయిందంటే డాక్టరమ్మ ఒప్పుకోదు. పైకి నేనూ ఒప్పుకోను. కానీ ఈసారి ఐదో నెల దాటేదాకా ఎవరి చెవినా వేయకూడదని ముగ్గురం దేవుడి పటం ముందు నిలబడి అనుకున్నాం.

రాయదుర్గంలో జీన్స్ కుట్టే యూనిట్‌లో మేమిద్దరం పని చేస్తాం. కోడలు జేబులు కుట్టే మిషన్ మీద కూర్చుంటుంది. నేను కుట్టేసిన ప్యాంట్లకు వేలాడే దారాలు కత్తిరిస్తాను. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ పిల్లే. అన్నం తినే వేళ పారేసిన జీన్స్ ముక్క ఒకటి తీసుకుని, గుడ్డ మీద గుర్తులు పెట్టే సుద్దతో అ, ఆ రాసి చూపించేది. ముదురు నీలం మీద తెల్లటి అక్షరం. చేత్తో దులిపితే పోయేది, మళ్లీ రాసేది. తల తెల్లబడినదానికి ఇప్పుడు చదువేమిటని ఎవరైనా నవ్వితే నాకంటే ముందు ఆమెకు కోపం వచ్చేది. ఇప్పటికీ నేను గొంతెత్తి చదివితే తప్ప చదవలేను. పెదవి కదిలి, మాట బయటికొచ్చి, నా చెవిన పడితేనే అది నాకు అర్థమవుతుంది. బస్సు బోర్డులు కూడా బిగ్గరగానే చదువుతాను.

మా యజమానిని అందరం అన్నా అనే పిలుస్తాం. పెద్ద ఆర్డరొకటి గడువులోపల పూర్తయిందని ఆయన మా లైన్‌లో ఆడవాళ్లందరినీ రెండు రోజులు విహారానికి పంపిస్తానన్నాడు. తనకల్లు దాటాక కొండ మీద కొత్తగా గదులు కట్టారట. వచ్చినవాళ్లకు కడుపునిండా వండి పెడతారు, గుర్రాలెక్కించి కొండంతా తిప్పుతారు. శనివారం పోయి ఆదివారం సాయంత్రానికి తిరిగి రావడం.

నాకు వద్దనిపించింది. కోడలికి పోవాలనిపించింది. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ ఆ పిల్ల ఆసుపత్రికి తప్ప ఊరు దాటింది లేదు. రెండు దినాలు కూర్చుని తిందామని, గుర్రాల జోలికి పోనని నాకు నచ్చజెప్పింది. డాక్టరమ్మను అడిగితే పెద్ద బండిలో మెల్లగా పోతే ఫరవాలేదంది. ఎగిరిపడే బండ్లు, బరువులు, పరుగులు మాత్రం వద్దని గట్టిగా చెప్పింది. మా కోడలు టీవీఎస్ నడుపుతుంది. నన్ను వెనక కూర్చోబెట్టుకుని రోజూ యూనిట్‌కు తెచ్చేది. నెల తప్పినప్పటి నుంచీ ఆ బండిని ఇంట్లో పెట్టేసి బస్సులో వస్తున్నాం. అడిగినవాళ్లకు ఇంజను పాడైందని చెప్పాం. అది మొదటి అబద్ధం.

రెండోది నా తెలివి. ఒక లైన్‌లో ఏళ్ల తరబడి కూర్చున్న ఆడవాళ్లకు ఒకరి నెలసరి ఇంకొకరికి తెలుస్తుంది. శుక్రవారం యూనిట్‌లో లక్ష్మీదేవి పటానికి టెంకాయ కొడతారు. బయట చేరినవాళ్లు ఆ రోజు దూరంగా నిలబడతారు. కోడలు దూరం నిలబడక ఎన్ని వారాలైందో ఎవరైనా లెక్కేస్తారేమోనని, పోవడానికి వారం ముందు శుక్రవారం ఆమెను కావాలనే దూరం నిలబడమన్నాను. నిలబడింది. అందరూ చూశారు. నేను చాలా తెలివిగా చేశాననుకున్నాను. ఆ అబద్ధాన్ని వారం ముందే వాడేశానని, అది కావలసిన రోజు నా చేతిలో ఉండదని కొండ మీదికి పోయాక తెలిసింది.

మినీ బస్సులో చక్రాల మీద పడే సీట్లు వదిలేసి కోడలిని మధ్యలో కూర్చోబెట్టాను. స్పీడు బ్రేకరు వచ్చినప్పుడల్లా నా చెయ్యి దానంతటదే ఆమె కడుపు వైపు లేచేది. దాన్ని పట్టుకుని నా ఒళ్లో పెట్టుకునేదాన్ని. ముదిగుబ్బ దాకా రెండు పక్కలా చెనిక్కాయ చేలు జానెడు కూడా లేవకుండా వాడిపోయి ఉన్నాయి. గొర్రెలు రోడ్డుకు అడ్డం వస్తే డ్రైవరు గబుక్కున బ్రేకు వేశాడు. అందరూ ముందుకు తూలి నవ్వారు. కోడలు కూడా నవ్వింది. నేను మాత్రం దారిలో ఇంకా గొర్రెలున్నాయేమోనని అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను.

మధ్యాహ్నానికి చేరాం. కొండ నడుమ చదును చేసి రేకుల గదులు కట్టారు. ఎదుటి కొండ మీద గాలిమరలు తిరుగుతున్నాయి. గాలి చెవుల్లో హోరుమంటూనే ఉంది. దిగీదిగగానే భోజనం. రాగి సంగటి, పొట్టేలు పులుసు, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి, నువ్వుల పొడి, నెయ్యి కారే ఓళిగలు. వడ్డించే ఆమె గరిటె కాదు, చెయ్యే పెట్టి ముద్దలు వేస్తోంది. రేపు కొండెక్కల్ల, ఇప్పుడు తినల్ల అంటూ ఎవరినీ వదల్లేదు. మాంసం వాసనకు కోడలి ముఖం పాలిపోవడం చూశాను. పళ్లెం మీదికి వంగి తింటున్నట్టు నటిస్తోంది. నువ్వులు వేడి, ఆ పొడి ఆమె పళ్లెంలో కుప్పగా ఉంది. నేను మాట్లాడుతూ మాట్లాడుతూనే ముక్కలు, పొడి అన్నీ నా పళ్లెంలోకి లాక్కుని తిన్నాను. కళ్లు మూసుకుని తిన్నాను, నాకూ అంత ఆకలి లేదు.

మా లైన్ సూపర్‌వైజరు నలభై ఏళ్ల మనిషి. నోరు పెద్దది, ఎవరినీ విడిచిపెట్టదు. ఎదురుగా కూర్చుని అంతా చూస్తోంది.

“ఏమ్మా పెద్దమ్మా, కోడలి ముక్కలు కూడా నువ్వే తింటాండావే. ఇంట్లో గూడా ఇట్లేనా?”

అందరూ నవ్వారు. ఇంట్లో అయితే ఎముకలు కూడా వదలనని చెప్పాను. కోడలు తలెత్తలేదు. నవ్వు ఆపుకుంటోందో, వాంతి ఆపుకుంటోందో నాకు తెలియలేదు.

సాయంత్రం గుర్రాలను చూపించారు. మూడే ఉన్నాయి. రెండు ఎర్రటివి, ఒకటి తెల్లది. వాటిని చూసుకునే సాయిబు నా ఈడువాడు. హిందూపురం వైపు పెళ్లిళ్లకు గుర్రాన్ని తిప్పేవాడట. తెల్లది ఆ పెళ్లి గుర్రమే, మెడ జూలు చివర గోరింటాకు రంగు ఇంకా పోలేదు. ఎర్రవాటికి ఒకదానికొకటి పడదని, తెల్లది ముందు నడిస్తేనే వెనక వస్తాయని చెప్పాడు. తర్వాత అందరినీ దగ్గరికి పిలిచి ఒకటే మాట గట్టిగా చెప్పాడు.

“ఈటి ముందర చ్చొ చ్చొ అనొద్దండమ్మా. మీరు పాపమని అంటారు. దానికి చ్చొ అంటే నడవమని. గట్టిగా అంటే ఉరకమని.”

ఆ మాట విని ఒకామె అయ్యో అనబోయి చ్చొ అంది. తెల్ల గుర్రం నిజంగానే ఒక అడుగు ముందుకేసింది. ఆడవాళ్లు కేకలు పెట్టి, తర్వాత నవ్వి, ఇంకా రెండుసార్లు చ్చొ చ్చొ అని దాన్ని నడిపించి చూశారు. సాయిబు తల పట్టుకున్నాడు.

గుర్రాల పాక గుంజకు ఒక బోర్డు తగిలించి ఉంది. బోర్డు కనిపిస్తే చదవకుండా ఉండలేను. అలవాటుగా గొంతెత్తి మొదలుపెట్టాను. గుండె. జబ్బు. ఉన్నవారు. తర్వాతి మాటలో మొదట గ ఉంది. దాని పక్కన ర్భి. ఆ రెండూ కలిసేసరికి నా గొంతు ఆగిపోయింది. మిగతాదంతా కళ్లతో చదివాను. గర్భిణులు గుర్రం ఎక్కరాదు. పెదవి కదపకుండా చదవడం నా బతుకులో అదే మొదలు. పక్కన కోడలు నా మోచెయ్యి పట్టుకుంది, ఆమె నాకంటే ముందే చదివేసింది కదా. తర్వాత ఏముందని సూపర్‌వైజరు వెనక నుంచి అడిగింది. ముసలోళ్లు ఎక్కకూడదంట అని చెప్పాను. ఇంకెవరూ ఆ బోర్డు వైపు చూడలేదు.

గదిలో పడుకునేటప్పుడు కోడలు నా చెవిలో, పొద్దున అందరూ ఎక్కాల్సిందేనంట, అన్నకు ఫోటోలు పంపాలంట అంది. బయట చేరానని చెప్దామా అని అడిగింది. పోయిన వారమే కదా అందరి కళ్ల ముందూ దూరం నిలబడింది. మళ్లీ వారానికే అంటే అందరూ చుట్టూ చేరి ఏమైంది, డాక్టరుకు చూపించావా, ఇదేం రోగమని తవ్వుతారు. తవ్వితే బయటపడుతుంది. నడుం నొప్పి, కళ్లు తిరగడం అందామంటే అవి నేరుగా అటే చూపిస్తాయి. మా ఆడవాళ్లకు కళ్లు తిరుగుతున్నాయని చెప్పి చూడండి, మీ ముఖం చూసి నెల చెబుతారు.

“భయమంటాలే అత్తా,” అని కోడలు అటు తిరిగి పడుకుంది.

నాకు నిద్ర పట్టలేదు. బయట గాలి, గాలి మధ్యలో గుర్రాలు నేలను గీరుతున్న చప్పుడు. మొదటిసారి పోయినప్పుడు ఆ పిల్ల బాత్‌రూం తలుపు తీసుకుని వచ్చి నన్ను చూసిన చూపే కళ్ల ముందు మెదులుతోంది. అత్తా అని కూడా అనలేదు.

పొద్దున ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు పెట్టారు. పక్కనే పెద్ద పళ్లెం నిండా బొప్పాయి ముక్కలు. సూపర్‌వైజరు ప్రేమగా ఒక పెద్ద ముక్క తీసి కోడలి నోటి దాకా తెచ్చింది. మా వైపు కడుపుతో ఉన్నవాళ్లు బొప్పాయి ఉన్న ఇంట్లో కూడా కూర్చోరు. నేను మధ్యలో చెయ్యి పెట్టి ఆ ముక్క లాక్కుని నా నోట్లో కుక్కుకున్నాను. రసం గడ్డం మీద కారింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. సూపర్‌వైజరు నన్ను అదోలా చూసింది. మూలనున్న ఒకామె పక్కామెతో ఏదో గొణిగింది. కోడలిని తిననివ్వని అత్త అని వాళ్లు అనుకుంటున్నారని నాకు తెలిసింది. అనుకోనీ. వాళ్లు అటు అనుకుంటున్నంతసేపూ ఇటు అనుకోరు కదా.

ముగ్గురు ముగ్గురుగా ఎక్కి పైన బండ దాకా పోయి వస్తున్నారు. ఎక్కేటప్పుడు అరుపులు, దిగాక గొప్పలు. ఒకామె దిగుతూనే నేల మీద కూర్చుండిపోయింది. నేను గుర్రాలను కాదు, దారిని చూస్తున్నాను. రాళ్లు తేలిన దారి. గుర్రం అడుగు తీసి అడుగు వేస్తే పైన కూర్చున్న మనిషి నడుం అటూ ఇటూ విరిగినట్టు ఊగుతోంది. చివరికి ముగ్గురు మిగిలారు. సూపర్‌వైజరు, దారాలు కత్తిరించే ఇంకో అమ్మాయి, మా కోడలు.

కోడలు తనకు భయమంది. అంతే, నవ్వులే నవ్వులు.

“టీవీఎస్ మీద లారీలను దాటుకోని పోతావు, నీకు భయమా? ఏయ్, పట్టుకోండే ఆ పిల్లని,” అంది సూపర్‌వైజరు.

ఇద్దరు ఆమె చంకల్లో చేతులు వేశారు. కాళ్లు నేల నుంచి లేస్తున్నాయి. కోడలు నన్ను చూసింది. బాత్‌రూం తలుపు దగ్గర చూసిన చూపే.

“దాన్ని దింపండి. నేనెక్కతా,” అన్నాను.

అందరూ ఆగిపోయారు. నాకు ఆవు దగ్గరికి పోవాలన్నా భయమని యూనిట్‌లో అందరికీ తెలుసు. ముసలోళ్లు ఎక్కకూడదని బోర్డు చదివి చెప్పింది నువ్వే కదా పెద్దమ్మా అని ఒకామె గుర్తుచేసింది. నేనేం ముసలిదాన్నా అని అడిగాను. అయితే ఇద్దరూ ఎక్కండి, నీ తర్వాత నీ కోడలు అన్నారు. అది కుదరదన్నాను. కోడలు పక్కన నడుస్తూ నన్ను పట్టుకోవాలి, నేను దిగేదాకా నన్ను వదలకూడదు, లేకుంటే ఎక్కనని మొండికేశాను. అలా అయితే ఆమె వంతు నాతోనే అయిపోతుందని నా లెక్క.

చీరను చెనిక్కాయలు పీకేటప్పటి మాదిరి ఎగగట్టుకున్నాను. సాయిబు, ఇంకో ఇద్దరు కలిసి నన్ను తెల్లదాని మీదికి నెట్టారు. పైన కూర్చోగానే నేల ఎక్కడో బావి అడుగున ఉన్నట్టు కనిపించింది. కింద వెచ్చగా, బతికి ఉన్న గోడ ఒకటి ఊపిరి పీలుస్తోంది. దాని చెవులు రెండూ నా వైపు తిరిగాయి. జీను ముందున్న ఇనుప కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాను. పెళ్లికొడుకు మాదిరి ఉన్నానని ఎవరో అన్నారు. ఎర్రవి రెండూ కరుచుకోకుండా వాటి పగ్గాలు సాయిబు చెరో చేత్తో పట్టుకోవాలి గనక, తెల్లదాని పగ్గం మా కోడలికిచ్చాడు. అది గొర్రెపిల్ల లాంటిదని, దారి దానికే తెలుసని చెప్పాడు.

మేం ముందు. వెనక ఎర్ర గుర్రాల మీద సూపర్‌వైజరు, ఆ అమ్మాయి. వాళ్ల వెనక మిగతా ఆడవాళ్లంతా తమాషా చూడటానికి నడిచి వస్తున్నారు. కొంత దూరం బాగానే పోయింది. కోడలు ఒక చేత్తో పగ్గం, ఇంకో చేత్తో నా పాదం పట్టుకుని నడుస్తోంది. ఎండ ఎక్కింది. దారి నిటారుగా అయింది. ఆ పిల్ల నుదుటి మీద చెమట, పెదవులు తెల్లబడ్డాయి. తనకు కొంచెం కూర్చోవాలని ఉందేమో, అడిగితే నేను దిగాలి, నేను దిగితే మళ్లీ ఆమె వంతు. అందుకే ఆగకుండా పోతున్నాం.

అప్పుడు ఆమె కాలు ఒక రాయికి తగిలి తూలింది. పడలేదు. వెనక నుంచి చూసిన వాళ్లలో ఒకామె గుండె కరిగింది.

“చ్చొ చ్చొ చ్చొ. పాపం సూడప్పా, కోడల్ని నడిపిచ్చి అత్త గుర్రమెక్కింది.”

గుర్రం అడుగు వేగమైంది. కోడలూ వేగంగా నడవాల్సి వచ్చింది. అది చూసి ఇంకో ఇద్దరు చ్చొ చ్చొ అన్నారు. ముక్కలు కూడా తిననివ్వదంట, పండు కూడా లాక్కున్నె అని ఎవరో అందుకున్నారు. మళ్లీ చ్చొ చ్చొ. సాయిబు అనొద్దండమ్మా అని అరుస్తున్నాడు, ఆయన మాట గాలికి పోతోంది. మా వాళ్లకు జాలి కలిగితే నాలుక ఆగదు. వాళ్ల జాలి పెరిగేకొద్దీ గుర్రం నడక పెరిగింది, గుర్రం నడక పెరిగేకొద్దీ ఆ పిల్ల అవస్థ చూసి వాళ్లకు జాలి పెరిగింది. గుర్రం ఎగిరెగిరి అడుగులు వేయడం మొదలుపెట్టింది. నా పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. కింద కోడలు పరిగెత్తుతోంది.

పగ్గం వదలమని మెల్లగా చెప్పాను. వినలేదు. మళ్లీ చెప్పాను.

“పడతావత్తా,” అంది ఊపిరి ఆడకుండా.

వదల్లేదు. ఒక చేత్తో పగ్గం, ఇంకో చెయ్యి కడుపు కింద పెట్టుకుని రాళ్ల మీద ఉరుకుతోంది. నేను పడితే ఏమవుతుంది, ఒక చెయ్యి విరుగుతుంది. ఆ మాట ఆమెకు ఎలా చెప్పాలి. ఆ చెయ్యి కడుపు కింద చూశాక నా లోపల ఇంకేమీ మిగల్లేదు. పటం ముందు అనుకున్నది, చక్కెర, ఐదో నెల, ఏదీ గుర్తు లేదు. బోర్డు చదివే గొంతుతో, నాకున్నంత గొంతుతో అరిచాను.

“కడుపుతో ఉండావే పాపా, ఉరకొద్దు. వదులు!”

పగ్గం ఆమె చేతి నుంచి జారింది. ఆమె ఆగిపోవడం, చిన్నదైపోవడం చూశాను. నేను మెడ జూలు మీదికి వాలిపోయి గట్టిగా పట్టుకున్నాను. దాని చెమట వాసన, గోరింటాకు వాసన ముక్కులోకి పోయింది. ఇంకా పైకి పోతోంది. ఇక్కడి నుంచి ఎక్కడ విసిరేస్తుందో అనుకున్నాను. కానీ కొన్ని అడుగులకే మెల్లబడింది, నడకలోకి వచ్చింది, తర్వాత నిలబడిపోయి ఎండు గడ్డి కొరకడం మొదలుపెట్టింది.

ఎందుకు ఆగిందో కాసేపటికి గానీ నాకు అర్థం కాలేదు. వెనక ఒక్క నాలుక కదలడం లేదు. అంతమంది ఆడవాళ్లు కొండ దారిలో నోళ్లు తెరుచుకుని నిలబడిపోయారు. గాలి ఒక్కటే వినిపిస్తోంది.

ఎలా దిగానో తెలియదు. పొట్ట మీద జారి, మోకాళ్ల మీద పడి, లేచి కిందికి నడిచాను. కోడలు ఒక బండ మీద కూర్చుని ఉంది. ఆమె ముఖంలోకి చూశాను. ఏమీ లేదత్తా అని తల ఊపింది. కానీ అప్పుడే ఎలా తెలుస్తుంది. మొదటిసారి కూడా పొద్దున జరిగింది సాయంత్రానికి గానీ బయటపడలేదు. అందరికీ తెలిసిపోయింది. నా నోటితోనే, కొండంతా వినిపించేలా.

ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి చుట్టూ నిలబడ్డారు. సూపర్‌వైజరు గుర్రం దిగి, రొప్పుతూ వచ్చింది. కోడలిని చూసింది, నన్ను చూసింది. పొట్టేలు ముక్కలు, బొప్పాయి, శుక్రవారం, టీవీఎస్, అన్నీ ఆమె కళ్లలో ఒకదాని వెనక ఒకటి పోవడం నాకు కనిపించింది. అరిచి అడుగుతుందనుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఎదుటి కొండ మీది గాలిమరల వైపు తిరిగింది.

“మాకేం వినపళ్ళేదు పెద్దమ్మా. ఈడ గాలి ఎక్కువుండాది.”

తర్వాత మిగతావాళ్ల వైపు తిరిగి, మీకేమన్నా వినపడిందా అని అడిగింది. గాలికి చెవులు దిబ్బెళ్లు పడ్డాయని ఒకామె అంది. ఏదో గుర్రాన్ని తిడుతున్నావనుకున్నా అని ఇంకొకామె అంది. కోడలిని నడిపించిందని నన్ను అన్న మనిషి మాత్రం దగ్గరికి వచ్చి, తన చెప్పులు విప్పి కోడలి కాళ్ల దగ్గర పెట్టింది. అప్పుడు చూశాను, పరుగులో ఆ పిల్ల చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది.

మెల్లగా దిగాం. మధ్యాహ్నం సంగటికి కూర్చున్నప్పుడు బొప్పాయి పళ్లెం కనిపించలేదు, నువ్వుల గిన్నె కూడా లేదు. ఎవరు తీసేశారో తెలియదు. కోడలి ముందు పెరుగన్నం, ఒక నిమ్మకాయ ఊరగాయ బద్ద మాత్రమే ఉన్నాయి. నేను ఏదీ లాక్కోలేదు, ఎవరూ నవ్వలేదు. ఆమె బాత్‌రూముకు పోయిన ప్రతిసారీ నేను తలుపు బయట నిలబడ్డాను. గొళ్లెం తీసే చప్పుడు వినగానే తల ఎత్తేదాన్ని. తలుపు తీసి, తల అడ్డంగా ఊపి పోయేది. మూడోసారికి చూస్తే నా పక్కన సూపర్‌వైజరు కూడా నిలబడి ఉంది, చేతులు కడుక్కోవాలన్నట్టు.

సాయంత్రం బస్సెక్కాం. కోడలిని మధ్య సీట్లో కూర్చోబెట్టబోతే అక్కడ అప్పటికే ఎవరో ఒక దుప్పటి మడతపెట్టి వేసి ఉంచారు. డ్రైవరుకు ఏమీ తెలియదు. చీకటి పడకముందే ముదిగుబ్బ దాటాలని తొందరపడుతున్నాడు. మొదటి మలుపులోనే ముందు సీటామె తనకు వాంతి వస్తోందని, మెల్లగా పొమ్మని చెప్పింది. కొంచెం వేగం పెంచగానే దారాలమ్మాయి తన నడుం గుర్రం మీద విరిగిందని ఏడుపు ముఖం పెట్టింది. గుంతలు వచ్చినచోట సూపర్‌వైజరు లేచి నిలబడి, తనకు మూలశంక ఉందని, ఇంకోసారి ఎగరేస్తే ఆయన సీటు మీదే కూర్చుంటానని డ్రైవరును బెదిరించింది. బస్సంతా నవ్వింది. ఆయన సిగ్గుపడి ఎద్దులబండి మాదిరి నడిపాడు. ఆ ఆడవాళ్లందరికీ ఒక్క సాయంత్రంలో అన్ని రోగాలు వచ్చాయి. రాయదుర్గం చేరేసరికి చాలా పొద్దుపోయింది.

స్పీడు బ్రేకరు వస్తే నా చెయ్యి ఈసారి కూడా లేచింది. దాన్ని ఒళ్లోకి లాక్కోలేదు. ఎవరూ అటు చూడలేదు. పెద్ద గుంతలో బస్సు ఒకసారి దబ్బున పడినప్పుడు ఎవరి నోటి నుంచో చ్చొ అని రాబోయింది. పక్కామె ఆమె నోరు మూసింది, బస్సుకు ఆ మాట తెలియదని కూడా మరచిపోయి.

ఇది రాస్తున్నప్పటికి ఏడో నెల. యూనిట్‌లో ఇప్పటికీ ఎవరూ ఏమీ వినలేదు. కడుపు కనిపిస్తున్నా సరే, గాలి ఎక్కువుండాది అంటారు. కోడలి మిషన్ దగ్గరికి గుడ్డ కట్టలు ఆమె మొయ్యకముందే వచ్చి పడుతుంటాయి. నాకు భయం పోలేదు. రోజూ నా చెవి యూనిట్‌లో బాత్‌రూం తలుపు దగ్గరే ఉంటుంది. గొళ్లెం తీసిన చప్పుడు రాగానే తల ఎత్తి చూస్తే, లైన్‌లో మిషన్లన్నీ ఒక్క క్షణం ఆగి ఉంటాయి. ఆమె తల అడ్డంగా ఊపి తన చోటికి పోయాక మళ్లీ మొదలవుతాయి.